అపొస్తలుల కార్యములు: ఇంటి కూటంలో 14 వారాల్లో చదివించే పద్ధతి

ఇంటి కూటాల్లో అపొస్తలుల కార్యములు మొదలుపెట్టినవాళ్లు చాలామంది రెండో అధ్యాయం దాటరు. పెంతెకొస్తు దినం మీద మూడు వారాలు, భాషల వరం మీద ఇంకో మూడు, బాప్తిస్మం మీద ఒక తగవు, ఆపైన మెల్లగా కీర్తనల గ్రంథానికి మారిపోతారు. తప్పు చదివేవాళ్లది కాదు, వేగానిది. పత్రికల్ని, అంటే అపొస్తలులు సంఘాలకు రాసిన ఉత్తరాల్ని, వచనం వచనంగా చదవవచ్చు. ఇది పత్రిక కాదు, కథనం. యెరూషలేములో ఒక మేడగదిలో మొదలై రోమాలో ఒక అద్దె ఇంట్లో ఆగే, ఇంచుమించు 30 ఏళ్ల ప్రయాణం. పెద్ద పెద్ద భాగాలుగా చదివితేనే దారి కనబడుతుంది.

గుంపు 8 నుంచి 12 మంది ఉంటే చాలు. 15 దాటితే నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. అప్పుడు రెండుగా విడగొట్టాలి. సమయం గంటన్నర మించకూడదు: పాటలకు 10 నిమిషాలు, చదవడానికి 15 నుంచి 20, చర్చకు 35 నుంచి 40, ప్రార్థనకు 15. మిగిలిన నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాళ్లే తినేస్తారు. టీ, బిస్కెట్ దాటి ఏమీ పెట్టకూడదని మొదటి వారమే తేల్చి చెప్పండి. ఒక ఇంట్లో ఉప్మా పెడితే పై వారం ఇంకో ఇంట్లో పులావ్ అవుతుంది. నాలుగో వారానికి లేనివాళ్లు "ఈసారి మా ఇంట్లో వద్దులెండి" అంటారు. 2:46లో తొలి విశ్వాసులు ఇంటింట రొట్టె విరిచారు. ఆ ఇళ్లన్నీ కలిగినవాళ్లవి అయి ఉండవు.

వారాల పంపకం

1. 1వ అధ్యాయం (ముందు లూకా 24:44–53 చదవాలి)
2. 2వ అధ్యాయం
3. 3, 4 అధ్యాయాలు
4. 5:1 నుంచి 6:7
5. 6:8 నుంచి 8:3
6. 8:4 నుంచి 9వ అధ్యాయం చివరి దాకా
7. 10:1 నుంచి 11:18
8. 11:19 నుంచి 12వ అధ్యాయం చివరి దాకా
9. 13, 14
10. 15:1–35
11. 15:36 నుంచి 17వ అధ్యాయం చివరి దాకా
12. 18, 19, 20
13. 21 నుంచి 26
14. 27, 28

ఈ పంపకంలో కొన్నిచోట్ల అధ్యాయం మధ్యలో ఆగడం కావాలనే. 6:7 దగ్గర ఒక ఘట్టం ముగుస్తుంది: దేవుని వాక్యం వ్యాపించింది, శిష్యుల సంఖ్య పెరిగింది అని గ్రంథకర్త లూకా గీత గీస్తాడు. 9:31, 12:24, 16:5, 19:20 కూడా అలాంటి గీతలే. అవి వచ్చినప్పుడల్లా పెన్సిలుతో గుర్తు పెట్టించండి. అధ్యాయాల అంకెలు తర్వాతి కాలంలో వేసినవి. ఈ గీతలు గ్రంథంలోనివే.

మొదటి వారానికి ముందు

చార్ట్ పేపరు మీద మధ్యధరా సముద్రం చుట్టూ తీరం గీసి గోడకు అతికించండి. బొమ్మ అందంగా రాకపోయినా పనికొస్తుంది. యెరూషలేము, సమరయ, యొప్పే, కైసరయ, దమస్కు, అంతియొకయ, తార్సు, కుప్ర, ఎఫెసు, ఫిలిప్పీ, ఏథెన్సు, కొరింథు, మెలితే, రోమా పేర్లు చీటీల మీద రాసి పెట్టుకుని, ఏ వారం ఏ ఊరు వస్తే ఆ చీటీ అతికించాలి. పేర్లన్నీ మొదటిరోజే పెట్టేస్తే పటం గోడకు అలంకారం అవుతుంది, ఎవరూ చూడరు. నేటి దేశాలు కూడా చెప్పండి: దమస్కు సిరియాలో ఉంది, ఎఫెసు శిథిలాలు టర్కీలో, ఫిలిప్పీ, కొరింథు గ్రీసులో. దూరాలు చెబితే కథ నేల మీదికి వస్తుంది. యెరూషలేము నుంచి దమస్కుకు దాదాపు 220 కిలోమీటర్లు. సౌలు (తర్వాత పౌలు అయినవాడు) అంత దూరం వెళ్లింది నలుగురు విశ్వాసుల్ని పట్టి కట్టి తేవడానికి.

అంతియొకయలు రెండు. సిరియాలోని అంతియొకయలోనే శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడ్డారు (11:26). అది ఇప్పుడు టర్కీలోని అంతాక్యా. 13:14లో పౌలు ప్రసంగించిన పిసిదియలోని అంతియొకయ వేరు. రెండు చీటీలు వేరు రంగుల్లో రాయకపోతే తొమ్మిదో వారం గందరగోళం తప్పదు.

పేర్ల చిక్కు ఇంకా ఉంది. హేరోదు అనగానే అందరూ బేత్లెహేము పిల్లల్ని చంపించినవాడినే తలుచుకుంటారు. 12వ అధ్యాయంలోని హేరోదు అతని మనుమడు, మొదటి అగ్రిప్ప, క్రీ.శ. 44లో చనిపోయాడు. 25, 26 అధ్యాయాల అగ్రిప్ప ఇతని కొడుకు. అననీయలు ముగ్గురు: 5లో అబద్ధమాడినవాడు, 9లో సౌలు మీద చేతులుంచినవాడు, 23లో ప్రధానయాజకుడు. యాకోబు పేరు తెలుగు బైబిలు చదివేవాళ్లకు మరీ కష్టం. 7వ అధ్యాయంలో పితరుడైన యాకోబు, 12:2లో కత్తికి బలైన యోహాను సహోదరుడు, 15:13లో సభలో తీర్పు చెప్పిన ప్రభువు సహోదరుడు, ముగ్గురికీ మన బైబిల్లో ఒకటే పేరు. 12:2లో చనిపోయిన యాకోబు 12:17లో ఎలా ఉన్నాడని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే ఎవరూ శ్రద్ధగా చదవలేదని అర్థం.

చదివే తీరు

భాగం మొత్తం గట్టిగా చదవాలి. ఇంట్లో చదువుకొచ్చారు కదా అని వదిలేయకండి, సగం మంది చదువుకుని రారు. కథకుడిగా ఒకరు, పేతురుగా ఒకరు, మిగతా మాటలకు ఇంకొకరు, ఇలా గొంతులు పంచితే చిన్నపిల్లలు కూడా వింటారు. మన పాత అనువాదం భాష గ్రాంథికం. పెద్దవాళ్లకు అదే నోటికి వచ్చు, కుర్రాళ్లకు అదే అడ్డు. పాతది గట్టిగా చదివించి, వాడుకభాష అనువాదం ఒక్కరి చేతిలో ఉంచండి. చిక్కు వచ్చినచోట వాళ్లు చదువుతారు. చదువు రాని పెద్దలుంటే ఫోన్‌లో ఆడియో బైబిలు పెట్టి ఆ వారపు భాగం ముందురోజే వినిపించమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. అసలు పేతురు, యోహానుల్నే సభవారు విద్యలేని పామరులనుకున్నారు (4:13). చదువు లేనందుకు ఎవరినీ వెనక్కి కూర్చోబెట్టనక్కర్లేదు.

రెండు రకాల బైబిళ్లు ఉన్నచోట 8:37 దగ్గర చిన్న అలజడి లేస్తుంది. ఫిలిప్పు బాప్తిస్మమిచ్చిన ఐతియొపీయ నపుంసకుడి విశ్వాసపు ఒప్పుకోలు ఉన్న ఆ వచనం కొన్ని అనువాదాల్లో ఉండదు, లేదా అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. అతి ప్రాచీన గ్రీకు ప్రతుల్లో అది లేకపోవడమే కారణం. "బైబిలు మార్చేశారు" అనే వాట్సాప్ సందేశం ఎవరికో గుర్తొచ్చేలోపే ఈ మాట చెప్పేయండి.

స్తెఫను ప్రసంగం (7వ అధ్యాయం) పొడుగని దాటేయడం మామూలు. దాటితే అతన్ని ఎందుకు చంపారో అర్థం కాదు. చదివే ముందు మూడు గుర్తులు పెట్టమనండి: దేవుడు వాగ్దాన దేశం బయట ప్రత్యక్షమైన ప్రతిచోటా ఒక గీత (మెసొపొతమియ, ఐగుప్తు, సీనాయి), విడిపించడానికి వచ్చినవాడిని తోసిపుచ్చిన ప్రతిచోటా ఒక చుక్క (యోసేపు, మోషే), దేవాలయం ప్రస్తావన దగ్గర ఒక పెట్టె. 51వ వచనానికి వచ్చేసరికి పేజీయే జవాబు చెబుతుంది.

ప్రశ్న అడగడం

అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు పనికిరావు. "అననీయ చేసింది తప్పే కదా?" అంటే అందరూ తలూపి ఊరుకుంటారు. "5:4 ప్రకారం పొలం అమ్మకముందు అది ఎవరిది? అమ్మాక డబ్బు ఎవరిది? మరి తప్పు ఎక్కడ జరిగింది?" అని అడగండి. అప్పుడు వచనం వెతుకుతారు. పొలం ఇవ్వకపోవడం నేరం కాదు, కొంత దాచుకుని అంతా ఇచ్చామని చెప్పడం నేరమని వాళ్లే పట్టుకుంటారు.

ప్రతి భాగానికీ మూడు రకాల ప్రశ్నలు సిద్ధం చేసుకోండి: ఏం జరిగింది, అలా ఎందుకు జరిగింది, మన సంఘంలో దీనికి దగ్గరైనది ఏముంది. మొదటి రకం నాలుగు, రెండోవి మూడు, చివరిది ఒక్కటే. చివరి దానితో మొదలుపెడితే గ్రంథం మూతపడి, సంఘ రాజకీయం తెరుచుకుంటుంది. ప్రశ్న వేశాక 10 సెకన్లు ఓపిక పట్టండి. నిశ్శబ్దానికి భయపడి నడిపేవారే జవాబు చెప్పేస్తే, పై వారం నుంచి అందరూ ఆ జవాబు కోసమే కూర్చుంటారు. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడితేనే ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు (20:9). మన మాటలకు నిద్ర రాదని అనుకోవద్దు.

ఈ గ్రంథం చదివించడంలో అసలు నైపుణ్యం ఒక్కచోటే ఉంది: జరిగిందని రాసినదాన్ని, చేయమని చెప్పినదాన్ని వేరు చేసి చూపించడం. 1:26లో చీట్లు వేసి మత్తీయను ఎన్నుకున్నారు. మనం సంఘ పెద్దల్ని చీట్లతో ఎన్నుకోవాలా? ఆ తర్వాత గ్రంథంలో ఎక్కడా మళ్లీ చీట్లు వేసి ఎవర్నీ ఎన్నుకోలేదు. 2:44లో అంతా ఉమ్మడి. కానీ 12:12లో మార్కు తల్లి మరియకు ఇల్లు ఉంది, అందులోనే అనేకులు కూడి ప్రార్థిస్తున్నారు. 11:29లో కరువు సాయం ఎవరి శక్తికొద్దీ వారు పంపారు. "ఇది ఒకసారి జరిగిందా, మళ్లీ మళ్లీ జరిగిందా, ఆజ్ఞగా ఎక్కడైనా చెప్పారా?" అనే మూడు ప్రశ్నల్ని మొదటి వారమే చార్టు మీద రాసి పటం పక్కన అతికించండి. పద్నాలుగు వారాలూ పనికొస్తాయి.

తగవులు వచ్చే చోట్లు

మన కూటాల్లో సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు వాళ్లంతా కలిసి కూర్చుంటారు. బాప్తిస్మం, పరిశుద్ధాత్మ మాట రాగానే గొంతులు పెరుగుతాయి. వాదన ఆపమంటే ఆగదు. పట్టిక గీయించాలి. నాలుగు వరుసలు: 2:38, 8:12–17, 10:44–48, 19:1–7. ప్రతిదాంట్లో విశ్వాసం, బాప్తిస్మం, చేతులుంచడం, ఆత్మ దిగిరావడం ఏ క్రమంలో వచ్చాయో నింపమనండి. యెరూషలేములో బాప్తిస్మం ముందు, ఆత్మ వరం ఆ వెనుక. సమరయలో బాప్తిస్మమయ్యాక పేతురు, యోహాను వచ్చి చేతులుంచేదాకా ఆత్మ దిగలేదు. రోమా శతాధిపతి కొర్నేలి ఇంట్లో ప్రసంగం ముగియకముందే ఆత్మ దిగింది, నీళ్లు తర్వాత. ఎఫెసులో యోహాను బాప్తిస్మం మాత్రమే ఎరిగినవాళ్లు. పట్టిక నిండేసరికి ఎవరి దగ్గరా ఒకే క్రమం మిగలదు. 16:15, 16:33ల్లో ఇంటివారంతా బాప్తిస్మం పొందడం కూడా ఐదో వరుసగా రాయించండి. శిశు బాప్తిస్మం వాదన అక్కడ లేస్తుంది. ఆ ఇళ్లలో పసిపిల్లలు ఉన్నారని గానీ లేరని గానీ లూకా రాయలేదని చెప్పి ముందుకు కదలండి.

"ఒక్క రోజులో మూడు వేలమందికి నీళ్లెక్కడివి?" అన్న ప్రశ్న రెండో వారం వస్తుంది. దేవాలయం చుట్టుపక్కల శుద్ధి స్నానాల తొట్లు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఇంకా దగ్గరి ఉదాహరణ మన నేల మీదే ఉంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున దిగి ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. సంఖ్య చెప్పి ఆపేయకండి. అంతకుముందు కరువు కాలంలో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో జనానికి పని చూపించాడు. కూలి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని అన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. 2:41 చదివి సంతోషించే గుంపు 2:42 మీద ఎక్కువసేపు నిలవాలి. బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. మూడు వేలమందిని శిష్యులుగా నిలబెట్టింది ఆ నాలుగే.

నాలుగో వారం 6:1–7 చాలా సంఘాల్లో నొప్పి పుట్టే చోటు. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను రోజువారీ వడ్డనలో చిన్నచూపు చూశారని సణుగుడు లేచింది. అపొస్తలులు సణిగినవాళ్లను గద్దించలేదు. ఏర్పరచిన ఏడుగురి పేర్లు గట్టిగా చదివించండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అన్యాయం జరిగిందో దాదాపుగా ఆ వైపు వాళ్ల చేతికే వడ్డన వెళ్లింది. ఇక్కడ కులం మాట రాక మానదు. రానివ్వండి. కానీ కూటంలో లేని మనిషి పేరు ఎత్తితే ఆపేయండి.

పదో వారం యెరూషలేము సభ, ఇంచుమించు క్రీ.శ. 49. అన్యజనులు సున్నతి పొందాలా అన్నది సభ ముందున్న ప్రశ్న. కానీ 15:29లో విగ్రహాలకు అర్పించినవి అనే మాట రాగానే చర్చ ప్రసాదం మీదికి మళ్లుతుంది. పక్కింటివాళ్లు ప్రేమగా తెచ్చిస్తే ఏం చేయాలి? ఇది నిజమైన ప్రశ్నే, తోసేయకూడదు. చివరి 10 నిమిషాలు దానికి కేటాయించి 1 కొరింథీయులకు 8వ అధ్యాయం, 10:25–30 చదివించండి. ముందే అటు వెళితే సున్నతి మాటే మరిచిపోతారు.

పదకొండు, పన్నెండు వారాల్లో ఇంకో జాగ్రత్త. ఏథెన్సులో విగ్రహాలు చూసి పౌలు ఆత్మ పరితపించిందన్న మాట (17:16) పట్టుకుని ఇతర మతాలను తిట్టడం మొదలుపెట్టేవాళ్లుంటారు. 17:22 నుంచి చదివించండి. మీరు అన్ని విషయాల్లో అతి దేవతాభక్తి గలవారని మొదలుపెట్టాడు, వాళ్ల కవుల మాటే ఎత్తి చూపాడు. లుస్త్రలో (14:15–17) లేఖనం పేరెత్తకుండా వానల గురించి, పంటల గురించి మాట్లాడాడు. ఎఫెసులో అర్తెమి దేవి కోసం రంగస్థలంలో అల్లరి రేగినప్పుడు, వీళ్లు మన దేవతను దూషించలేదని సాక్ష్యం చెప్పింది ఆ పట్టణపు కరణమే (19:37). పొరుగువాళ్లు మన గురించి అలా చెప్పగలరా అని అడిగి ఊరుకోండి.

"తోమా మన దేశానికి వచ్చాడు కదా, ఇందులో లేదేం?" అని కూడా అడుగుతారు. అది కేరళ సిరియన్ క్రైస్తవులు, చెన్నై పరంగిమలై, శాంతోమ్ కాపాడుకొస్తున్న సంప్రదాయం. ఈ గ్రంథంలో తోమా పేరు 1:13లో ఒక్కసారే వస్తుంది. లూకా కళ్లు పేతురు, పౌలుల వెంట నడిచాయి.

శిష్యత్వం కూటం రోజున జరగదు

వారానికి గంటన్నరతో శిష్యులు తయారవరు. గ్రంథంలోనే నమూనా ఉంది: బర్నబా. యెరూషలేములో అందరూ భయపడిన సౌలును చేరదీసింది అతనే (9:27). తర్వాత తార్సు వెళ్లి వెతికి, అంతియొకయకు తెచ్చి, ఒక ఏడాది పాటు కలిసి బోధించాడు (11:25–26). పదమూడో అధ్యాయంలో పేర్ల వరస మారుతుంది, "బర్నబా, సౌలు" కాస్తా "పౌలు, బర్నబా" అవుతుంది. చేయి పట్టి తెచ్చినవాడు వెనక్కి జరిగాడు.

మూడో వారం నుంచి జంటలు కట్టండి. అనుభవమున్న ఒకరు, కొత్తగా వచ్చిన ఒకరు, మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు. వారంలో ఒకసారి 30, 40 నిమిషాలు కలిసి పై వారపు భాగంలో ఒక్క పేరా చదవాలి, ఒకరి కోసం ఒకరు ప్రార్థించాలి. డబ్బు అప్పు ఇవ్వడం, పుచ్చుకోవడం ఆ జంటల మధ్య ఉండకూడదని ముందే చెప్పండి. సగం జంటలు చెడేది అక్కడే. కొత్తవాళ్లు కూటంలో ఏదైనా తప్పు చెబితే అందరి ముందూ దిద్దవద్దు. అపొల్లో సమాజమందిరంలో మాట్లాడుతుంటే అకుల, ప్రిస్కిల్ల అతన్ని పక్కకు చేర్చుకుని మరింత పూర్తిగా వివరించారు (18:26). జంటలో పెద్దవారు చేయవలసిన పని అది.

ఎవరైనా మధ్యలో మానేస్తే వెంటనే వేరేవాళ్లతో జత కలపకుండా రెండు వారాలు ఆగండి. మార్కు అనే యోహాను పెర్గే దగ్గర వెనక్కి వెళ్లిపోయాడు. అతని మూలంగా పౌలు, బర్నబా విడిపోయారు (15:39). అదే మార్కును తర్వాత తీసుకురమ్మని పౌలు తిమోతికి రాశాడు (2 తిమోతి 4:11).

చివరి రెండు వారాలు

ఆరు అధ్యాయాలు ఒక్క వారంలో ఎలా అని కంగారు పడనక్కర్లేదు. 21 నుంచి 26 దాకా ఒక కేసు విచారణలా చదవాలి. సహస్రాధిపతి లూసియ, ఫేలిక్సు, ఫేస్తు, అగ్రిప్ప నలుగురికీ నాలుగు చీటీలు. ఎవరి ముందు ఏం ఆరోపణ, ఏం తీర్పు అని రెండేసి ముక్కలు రాయించండి. ఏ చోటా శిక్షకు తగిన నేరం రుజువు కాలేదు, అయినా కైసరయలో రెండేళ్లు జైలు (24:27). సౌలు మార్పు కథ 9, 22, 26ల్లో మూడుసార్లు వస్తుంది. మూడు గుంపులకు మూడు ఇచ్చి, తేడాలు రాయమంటే 15 నిమిషాల్లో తెస్తారు. వినేవాళ్లు మారితే సాక్ష్యం చెప్పే తీరు ఎలా మారుతుందో దానికంటే మంచి పాఠం లేదు.

ఓడ పగిలే 27వ అధ్యాయం ఆపకుండా ఒక్క గొంతుతో చదివించండి. ఓడలో 276 మంది. ఏ వచనం దగ్గరా వివరణ ఇవ్వకండి, గాలి తగ్గిపోతుంది. 16:10 నుంచి అక్కడక్కడా కనబడే "మేము" అనే మాట ఇక్కడ మళ్లీ వచ్చిందని చదివాక గుర్తు చేయండి. రాస్తున్న మనిషి ఆ ఓడలోనే ఉన్నట్టు.

28వ అధ్యాయం ముగిశాక "పౌలు ఏమయ్యాడు?" అని అడుగుతారు. నీరో కాలంలో రోమాలో హతసాక్షి అయ్యాడన్నది సంఘ సంప్రదాయం. లూకా మాత్రం రెండేళ్ల అద్దె ఇంటి దగ్గర, వచ్చినవాళ్లందరినీ చేర్చుకుంటున్న మనిషిని చూపించి కలం పెట్టేశాడు. ఆ రోజు కొత్త పాఠం ఏదీ మొదలుపెట్టకండి. ఒక వారం సెలవిచ్చి, ఆ తర్వాత ఫిలిప్పీయుల పత్రిక పట్టుకోండి. నాలుగే అధ్యాయాలు, ఒక్క కూర్చోవడంలో చదివేయవచ్చు. లూదియ, చెరసాల నాయకుడు అప్పటికే అందరికీ పరిచయం కాబట్టి ఆ ఉత్తరం ఎవరి ఇంట్లో విప్పి చదివి ఉంటారో ఊహించుకోవడానికి పటం వైపు చూస్తే చాలు.